సర్పంచ్ గారి తరఫున సూది

ఉదయగిరి మండలంలోని ఒకానొక గ్రామ పంచాయతీ సర్పంచ్ శ్రీమతి రేణుకాదేవి గారు ఆరు నెలల కాలంలో పదిహేను కిలోల బరువు తగ్గినట్టు ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. ఇందులో పన్నెండు కిలోలు ఆమె భర్త మల్లికార్జున రెడ్డి గారి ఒంట్లోంచి తగ్గాయి. మిగిలిన మూడు కిలోలూ మొదట్లోనే భార్యకూ భర్తకూ మధ్య ఉన్న తేడా. లెక్కలో ఎక్కడా పొరపాటు లేదని పంచాయతీ కార్యదర్శి సందీప్ ధ్రువీకరించాడు.

ఈ సంగతి విని తమరు ముక్కున వేలేసుకుంటే తమరు ఈ జిల్లా వారు కారన్న మాట. నాలుగేళ్ళ కిందట సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు రిజర్వు అయినప్పుడు మల్లికార్జున రెడ్డి పెద్ద మనసు చేసుకుని భార్యను నిలబెట్టాడు. ఆమె గెలిచింది. ప్రమాణ స్వీకారం నాడు "రేణుకాదేవి అను నేను" అని ఆయనే గట్టిగా చదివాడు. గొంతు బాగుందని వచ్చిన అధికారులు మెచ్చుకున్నారు. అప్పటి నుంచి కుర్చీ ఆయనదే, మైకు ఆయనదే. మహిళా దినోత్సవం నాడు ఆడవాళ్ళు వంటింటి గడప దాటి ముందుకు రావాలని ఆయన నలభై నిమిషాలు మాట్లాడతాడు. ఆ నలభై నిమిషాల్లో రేణుకాదేవి సభకు వచ్చిన అరవై మందికీ రాగి సంకటి కెలికి, నాటుకోడి పులుసు దించేస్తుంది. అంత సామర్థ్యం ఉన్న మహిళా సర్పంచ్ చుట్టుపక్కల ఏ మండలంలోనూ లేదు.

ఆమెకు ఉన్న ఒకే ఒక లోటు మోకాళ్ళు. మర్రిపాడు దగ్గర పుట్టింట్లో ఉన్నప్పుడు తెల్లారి వేరుశనగ చేనికి నడిచి వెళ్ళి, పొద్దుగూకి నడిచి వచ్చిన మనిషి. ఇప్పుడు తొంభై ఎనిమిది కిలోలు. కింద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యందించాలి. స్నానాల గది గడప దాటాలంటే రెండు చేతులతో తలుపు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక కాలు తర్వాత ఒక కాలు వెయ్యాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పైకి లేవాలన్నదే ఆమె కోరిక. పదవిలో ఉన్నవాళ్ళకు ఇంత చిన్న కోరిక ఉండడం అరుదు.

అందుకని ఒక బుధవారం భార్యాభర్తలిద్దరూ ఆత్మకూరు వెళ్ళారు. అక్కడి ఆస్పత్రికి బుధవారాలు మాత్రం నెల్లూరు నుంచి పెద్ద డాక్టరు వస్తాడు. ఆయన రేణుకాదేవిని కాటా ఎక్కించి, ఎక్స్‌రే చూసి, మోకాళ్ళకు ఆపరేషన్ చెయ్యొచ్చుగానీ ముందు ఓ పన్నెండు కిలోలు తగ్గి రావాలన్నాడు. తగ్గడానికి మందులున్నాయని, వాటిలో తేడాలున్నాయని, ఆ తేడాలన్నీ ఓపిగ్గా విడమరిచి మల్లికార్జున రెడ్డికి చెప్పాడు. రేణుకాదేవి పక్కనే కూర్చుని గోడ మీది మూత్రపిండం బొమ్మ చూస్తూ వింది.

"మాత్ర ఒకటి ఉంది. తిన్న కొవ్వులో కొంత ఒంటికి పట్టకుండా బయటికి పంపేస్తుంది. కాకపోతే ఉన్నట్టుండి పరిగెత్తాల్సి రావొచ్చు. సూదులు రెండు రకాలు, రెండూ వారానికి ఒకసారే. సెమాగ్లుటైడ్ అనేది ఒక హార్మోన్ దారిలో ఆకలి తగ్గిస్తుంది. టిర్జెపటైడ్ రెండు దారుల్లో పనిచేస్తుంది, సగటున దాంతో ఇంకొంచెం ఎక్కువ తగ్గుతున్నారు. వికారం, వాంతులు, మలబద్ధకం రెండింటితోనూ ఉంటాయి. చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఆపేస్తే బరువు మళ్ళీ వస్తుంది. ఎవరికి ఏది అనేది వాళ్ళ ఒంటిని చూసి చెప్పాలిగానీ ఒకరిని చూసి ఒకరు వాడేది కాదు."

ఆఖరి మాట దగ్గర మల్లికార్జున రెడ్డికి ఫోన్ వచ్చింది. డాక్టరు రేణుకాదేవి ఒంటికి ఒకటో సూది చాలని రాసిచ్చాడు.

ఆస్పత్రి నర్సు లిదియమ్మది ఉదయగిరే కాబట్టి మొదటి సూది ఆవిడే ఇంటికొచ్చి వేస్తానంది. ఆదివారం పొద్దున్నే వచ్చి, చల్లటి డబ్బాలోంచి పెన్ను లాంటి సూది తీసి, "సర్పంచ్ గారు ఎవరండీ" అని అడిగింది.

మల్లికార్జున రెడ్డి అలవాటు చొప్పున లేచి, చొక్కా పైకెత్తి, పొట్ట చూపించాడు.

"నాకు గదా డాక్టరు రాసింది" అంది రేణుకాదేవి.

"వాంతులవుతాయన్నాడు గదే డాక్టరు. సర్పంచ్‌వి, నలుగురి ముందర వాంతి చేసుకుంటే ఊరికేం మర్యాద? ఆ అవస్థేదో నేను పడతాలే. నీ తరఫునే గదా."

లిదియమ్మ చీటీ మీద పేరు చూసింది, పొట్ట వైపు చూసింది, సందీప్ వైపు చూసింది. "సర్పంచ్ పేరు మీద ఏదొచ్చినా సారు తీసుకోడమే ఇక్కడ ఆనవాయితీ మేడమ్" అన్నాడు సందీప్ వినయంగా. ఆనవాయితీ అన్న మాట వినబడ్డాక ఈ దేశంలో ఏ నర్సు మాత్రం ఏం చేస్తుంది. సూది పడింది.

రేణుకాదేవికి ఆ పూట కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయితే ఇంట్లో ఇరవై మంది జనం ఉండడం వల్ల, వాళ్ళకు కాఫీలు కావాల్సి రావడం వల్ల, ఆ నీళ్ళు కింద పడేంత తీరిక దొరకలేదు.

రెండో వారానికి ఈ వార్త ఆత్మకూరు వైపు ఒక ఊళ్ళో ఉండే నారాయణయ్య చెవిన పడింది. ఈయన మూడు గొర్రెల మందల ఆసామి, దేవకమ్మ అనే మరో మహిళా సర్పంచ్‌కు భర్త, మల్లికార్జున రెడ్డికి పదిహేనేళ్ళుగా రాజకీయ విరోధి. దేవకమ్మకు షుగరు, ఒళ్ళు రెండూ ఉన్నాయి. నారాయణయ్య వెంటనే ఆమె ఫైలు చంకన పెట్టుకుని అదే డాక్టరు దగ్గరికి పోయి, రెడ్డి ఏ సూది వాడుతున్నాడో కనుక్కుని, తనకు రెండోది రాయమన్నాడు. డాక్టరు ఏవో రక్తపరీక్షల గురించి చెప్పబోయాడు. "పరీక్షలదేముంది సార్, ఆ వర్గం వాడేది మా వర్గం వాడకూడదు, అంతే" అన్నాడు నారాయణయ్య. రెండు మండలాల్లో వైద్యశాస్త్రం ఆ విధంగా ఒక కొలిక్కి వచ్చింది.

ఇక ఊళ్ళల్లో మనుషులు ఒకటో సూది వాళ్ళుగా, రెండో సూది వాళ్ళుగా విడిపోయారు. అప్పటికే షుగరుకు ఒకటో సూది వాడుకుంటూ హాయిగా ఉన్న ఒక పెద్దాయన నారాయణయ్య వర్గం వాడు కావడంతో, శత్రువుల మందు ఒంట్లోకి ఎక్కించుకుంటున్నావేందిరా అని ఆయన్ని నిలదీశారు. రెడ్డి జీపు డ్రైవర్ మస్తాన్ యాభై కిలోలుంటాడు. విశ్వాసం చూపించుకోవడానికి తనకూ ఒకటి వెయ్యమని బతిమాలాడు. వాడికి వేస్తే జీపు నడిపే మనిషి మిగలడని ఎవరో నచ్చజెప్పాక, వాడిపారేసిన పెన్నొకటి జేబుకు తగిలించుకుని సరిపెట్టుకున్నాడు.

ఏ సూది గొప్పదో తేల్చడానికి సంతను మించిన చోటు లేదు. ఉదయగిరి గొర్రెల సంతలో జీవాలను తూచే కాటా ఉంది. నెలకొకసారి ఇద్దరు నాయకులూ జనం ముందు ఆ కాటా ఎక్కి నిలబడేలా ఒప్పందం కుదిరింది. పొట్టేళ్ళ బేరాలు కాసేపు ఆపి అందరూ వీళ్ళ చుట్టూ మూగేవాళ్ళు. మూడో నెలలో చెంచమ్మ అనే ముసలావిడ, యాభై ఏళ్ళుగా గొర్రెలు కొని అమ్మిన మనిషి, కాటా మీద ఉన్న రెడ్డి నడుం దగ్గర, పొట్టేలుకు చూసినట్టే, రెండు వేళ్ళతో నొక్కి చూసింది.

"కండ కరిగినాది నాయనా. కొవ్వు ఇంకా ఉండాది. ఇంత గుడ్డన్నా తిను, పప్పన్నా తిను, లేకపోతే నడుస్తా నడుస్తా పడిపోతావు" అంది.

ఆ వారం డాక్టరు కూడా ఫైలు మీద సరిగ్గా ఇదే సలహా ఇంగ్లీషులో రాశాడు. ఇంగ్లీషులో ఉండడం వల్ల దాన్ని ఎవరూ పాటించలేదు. తెలుగులో చెప్పినావిడ గొర్రెలు అమ్ముకునే మనిషి కావడం వల్ల ఆవిడ మాటా ఎవరూ పాటించలేదు.

ఆస్పత్రికి నెలనెలా ఫైలు వెళ్ళేది. ఫైలుతో మల్లికార్జున రెడ్డి వెళ్ళేవాడు. "నా ఆరోగ్య విషయాలన్నీ నా భర్త చూసుకొనుటకు, నా తరఫున కాటా ఎక్కుటకు అనుమతించడమైనది" అని సర్పంచ్ లెటర్ ప్యాడ్ మీద ఒక కాగితం అందులో జతచేసి ఉంది. కాంపౌండరు ఎవరు ఫైలు తెస్తే వాళ్ళను తూచి అంకె వేసేవాడు. రోజుకు నూట యాభై మందిని చూసే డాక్టరు ఆ అంకె చూసి, రేణుకాదేవి అద్భుతంగా సహకరిస్తోందని మెచ్చుకునేవాడు.

అద్భుతానికి ఇంకో వైపు ఉంది. సూది పడినప్పటి నుంచి రెడ్డికి అన్నం చూస్తేనే వికారం. సీతారామపురంలో ఒక పెళ్ళికి పోయి, రెండు ముద్దలు తిని విస్తరి మడిచాడు. మనసులో ఏం పెట్టుకుని మడిచాడోనని పెళ్ళికూతురి తండ్రి హడలిపోయి, మూడు రోజులు ఇంటి చుట్టూ తిరిగి క్షమాపణలు చెప్పుకున్నాడు. నారాయణయ్య కలువాయిలో ఒక సన్మానానికి పోయి, మెడలో వేసిన దండ సంపెంగల వాసనకు తట్టుకోలేక దాంట్లోనే వాంతి చేసుకున్నాడు. రెండో సూది పవరు చూశారా అని ఆయన వర్గం చప్పట్లు కొట్టింది.

ఇంట్లో రెడ్డి కోసం వండిందంతా మిగిలిపోయేది. పారేస్తే పాపమని రేణుకాదేవి తినేది. ఆమె సూది ఆయన తీసుకున్నాడు, ఆయన కూడు ఆమె తీసుకుంది. పంపకం న్యాయంగానే జరిగింది. ఐదో నెలకు ఆమె నూట ఒకటికి చేరింది. మోకాళ్ళు ఇదివరకు గడప దగ్గర నొప్పి పెట్టేవి, ఇప్పుడు గడప గుర్తొస్తేనే నొప్పి పెడుతున్నాయి.

ఒక మధ్యాహ్నం దేవకమ్మ ఫోన్ చేసింది. భర్తలు విరోధులు కాబట్టి వీళ్ళిద్దరూ మాట్లాడుకోవడం పార్టీ క్రమశిక్షణకు విరుద్ధం. ఇద్దరూ కాస్త గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు.

"ఎట్టుండావక్కా? సూది పనిచేస్తాండాదా?"

"బాగా పనిచేస్తాండాది. ఆయన బెల్టుకు మూడు బొక్కలు పొడిపించినాడు. మీదో?"

"మాదీ అంతే. నాకు పద్నాలుగు కిలోలు తగ్గినాయంట. షుగరు మాత్రం మూడు వందలుండాది." దేవకమ్మ గొంతు ఇంకాస్త తగ్గించింది. "అక్కా, మన సూదులు మనకే పడుంటే ఎట్టుండేదో."

ఆ ప్రశ్న రేణుకాదేవిని వదల్లేదు. సంకటి కెలుకుతున్నా అదే, పడుకున్నా అదే.

ఏ సూది గొప్పదో తేల్చడానికి రెండు వర్గాలూ కలిసి వేసుకున్న తులనాత్మక సూదుల పరిశీలనా సంఘం ఆరో నెలాఖరున తన నివేదికను సమర్పించింది. విశ్రాంత అధికారులు ఐదుగురు, నోరు తెరిచి మాట్లాడగలవాళ్ళు ముగ్గురు ఇందులో సభ్యులు. కిలోల ప్రకారం రెండో సూది, వాంతుల సంఖ్యలో కూడా రెండో సూది, తిరస్కరించిన పెళ్ళి భోజనాల్లో ఒకటో సూది ముందున్నాయని, ఏదో ఒకటి గెలిచిందని ప్రకటిస్తే శాంతిభద్రతలకు విఘాతం కలుగుతుందని, కాబట్టి విజయాన్ని ఇద్దరు మహిళా సర్పంచ్‌లకూ సమానంగా పంచాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎవరి ఒంటికి ఏది సరిపోతుందన్న విషయం సంఘం పరిధిలోకి రాదని చివర ఒక గమనిక కూడా ఉంది.

ఆ బుధవారం ఆత్మకూరులో ఒక ఫంక్షన్ హాల్లో ఆదర్శ ఆరోగ్య మహిళా సర్పంచ్ పురస్కార ప్రదానం ఏర్పాటైంది. పురస్కారంలో సగం రేణుకాదేవిది కాబట్టి ఆమెను కూడా జీపులో తీసుకొచ్చారు. హాలుకు పదకొండు మెట్లున్నాయి. ఆమె ఎక్కలేకపోయింది కాబట్టి మస్తాన్‌తో పాటు జీపులోనే ఉండిపోయింది. మైకులోంచి భర్త గొంతు రోడ్డు దాకా వినబడుతోంది.

"ఈ రోజు నా భార్య ఇంత సన్నబడిందంటే, దాని వెనక ఎంత త్యాగం ఉందో, ఎన్ని రాత్రులు కడుపు తిప్పిందో, అది నాకు మాత్రమే తెలుసు" అని ఆయన అన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. శాలువా ఆమె తరఫున ఆయన కప్పుకున్నాడు. సన్నబడ్డ భుజాల మీద అది నిలవక రెండుసార్లు జారింది.

రేణుకాదేవి రోడ్డుకు అవతల ఉన్న ఆస్పత్రి బోర్డు వైపు చూసింది. బుధవారం.

"మస్తానూ, జీపు అటు తిప్పు" అంది.

"సారు పిలుస్తాడేమో అమ్మా."

"పిలిచేది నన్ను గాదులే. తిప్పు."

డాక్టరు ఆమెను కాటా ఎక్కించి అంకె చూశాడు, జీపులోంచి తెచ్చిన ఫైలు చూశాడు, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. "ఫైలు ప్రకారం రేణుకాదేవి ఎనభై మూడు. వచ్చే వారం మోకాళ్ళ ఆపరేషన్‌కు తయారు. మీరు నూట ఒకటి. మీరు ఆవిడ కాదు" అన్నాడు.

"నేనే సార్. తగ్గింది మా ఆయన."

డాక్టరు మొదటిసారి కంప్యూటర్ మీంచి తల పూర్తిగా ఎత్తి ఆమె మొహం చూశాడు. మంచివాడే. నొచ్చుకున్నాడు. రక్తపరీక్షలు కొత్తగా చేయించి, అన్నీ మొదటి నుంచి మొదలుపెడదామన్నాడు. ఒకటో సూదా, రెండో సూదా అనేది రిపోర్టులు చూసి చెబుతానన్నాడు.

"ఏదైనా సరే సార్. నా ఒంట్లో పడాల. అంతే" అంది రేణుకాదేవి.

అయితే ఒకే పేరు మీద రెండు ఒళ్ళు ఉండడానికి ఆస్పత్రి కంప్యూటర్ ఒప్పుకోదు. ఈ పేరు ఈమెదేనని కాగితం తెస్తే పాత ఫైలు రద్దు చేస్తామంది కౌంటర్లో ఉన్న నవ్యశ్రీ అనే అమ్మాయి. ఆధార్ కార్డు రెడ్డి జేబులో ఉంది, రెడ్డి స్టేజీ మీద ఉన్నాడు.

"ఆధార్ లేకుంటే మీ ఊరి సర్పంచ్ దగ్గర లెటర్ తెచ్చుకోండి ఆంటీ. ఈమె రేణుకాదేవే అని రాసి, సంతకం, సీలు ఉంటే చాలు."

"నేనే సర్పంచ్‌ని."

"అయితే ఇంకేం, ఈజీ గదా" అంది నవ్యశ్రీ.

లెటర్ ప్యాడ్, సీలు జీపు డ్యాష్‌బోర్డులోనే ఉంటాయి. ఆ పంచాయతీ ఆఫీసు చాలావరకు అక్కడే నడుస్తుంది. మస్తాన్ తెచ్చిచ్చాడు. రేణుకాదేవి బెంచీ మీద కూర్చుని, "ఈమె రేణుకాదేవి అని ధ్రువీకరించడమైనది" అని రాసి, ఏడో తరగతిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో సంతకం చేసి, సీలు కొట్టి ఇచ్చింది. నాలుగేళ్ళలో సర్పంచ్‌గా ఆమె చేసిన మొదటి సంతకం అది. లోపల చాలా సంతోషంగా ఉంది.

నవ్యశ్రీ ఆ కాగితాన్ని పాత ఫైల్లోని అనుమతి పత్రం పక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

"సంతకం కలవలేదు ఆంటీ."

"నా సంతకం ఇదేనమ్మా."

"మీది అయ్యుండొచ్చు. నాకు సర్పంచ్ గారిది కావాల. చూడండి, ఆమె ఇట్ట పెడతాది" అని అనుమతి పత్రం చూపించింది. పెద్ద పెద్ద వంకర్లు, కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. "ఇట్ట దొంగ సంతకాలు పెడితే కేసవుతాది ఆంటీ. పెద్దామె గదా అని చెప్తాండా."

రేణుకాదేవి ఆ అనుమతి పత్రం ఒకసారి ఇమ్మని అడిగి తీసుకుని, మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. లెటర్ ప్యాడ్ వెనక వైపు తిప్పింది. ఆ సంతకాన్ని చూస్తూ దింపడం మొదలుపెట్టింది. మొదటిసారి వంకర్లు కుదరలేదు. రెండోసారి గీత కింద కాకుండా మీద పడింది. మస్తాన్ పక్కన నిలబడి చూస్తూ, "'దే' కాడ పైకి లేపాల అమ్మా. లేపి, చెయ్యి తియ్యకుండా గీత కొట్టేస్తాడు సారు" అని సాయం చేశాడు. రోడ్డు అవతల మైకులో ఇంకా ఎవరో మహిళా సాధికారత గురించి మాట్లాడుతున్నారు. ఆరో కాగితానికి చెయ్యి తిరిగింది. కొత్త కాగితం మీద మళ్ళీ అంతా రాసి, ఆ సంతకం చేసి, సీలు కొట్టి ఇచ్చింది.

నవ్యశ్రీ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. మొహం విప్పారింది.

"ఆఁ, ఇది కరెక్టు. ఈ పని ముందే సర్పంచ్ గారి కాడ చేయించుకోనొస్తే మీకింత తిప్పలు ఉండేది కాదు గదా ఆంటీ."

ఆ విధంగా రేణుకాదేవి గారు రేణుకాదేవి గారేనని రుజువైంది. సదరు ధ్రువపత్రం ఆస్పత్రి రికార్డుల్లో భద్రంగా ఉంది. ఇందులో ఏదో మోసం జరిగిందని అనుమానించే చదువరులు తొందరపడకుండా, తమ ఇంట్లో బీరువా తెరిచి, ఆడవాళ్ళ పేరు మీద ఉన్న కాగితాలు బయటికి తీసి, వాటి మీది సంతకాలు ఎవరివో ఒకసారి పోల్చి చూసుకోవలసిందిగా మనవి. కలవకపోతే కంగారు పడనక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్ళకు ఆరు తెల్లకాగితాలిచ్చి కూర్చోబెట్టండి, ఆరోసారికి కుదురుతుంది.